ఆట ఎవరిది? తెర ఎవరిది?

1

ఆటలకు ఎల్లలు లేవని పెద్దలు ఉపన్యాసాలలో చెబుతూ ఉంటారు. టెలివిజన్ వచ్చాక ఈ మాటకు ఇంకొక మాట తోడైంది. ప్రపంచంలో ఏ మూల ఆట జరిగినా ప్రతి ఇంటా కనిపిస్తున్నది గనుక, మానవజాతి అంతా ఒకే పందిరి కింద చేరిందట. ఈ రెండు మాటలలోను కొంత నిజం లేకపోలేదు. కాని సగం నిజాన్ని పూర్తి నిజంగా చలామణి చేస్తే దానివల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్నను చరిత్ర విద్యార్థి వేసుకోక తప్పదు.

స్వదేశంలో ఉన్నంతకాలం ఈ ప్రశ్న మనకు తట్టదు. మనం చూస్తున్నదే లోకమంతా చూస్తున్నదని అనుకుంటాం. పరాయి దేశంలో కాపురం పెట్టినవాడికి మాత్రం కొద్ది రోజులలోనే సంగతి బోధపడుతుంది. ఒలింపిక్ క్రీడ ఒక్కటే. కాని హైదరాబాదులో కనిపించే ఒలింపిక్స్ వేరు, లండనులో కనిపించేవి వేరు, దోహాలో కనిపించేవి వేరు. ఎవరి పరుగు మొదటినుంచి చివరిదాకా చూపించాలి, ఎవరి పరుగు అసలు చూపించనక్కరలేదు, ఏ ఆటకు చందా కట్టించాలి అన్న నిర్ణయాలు ఎక్కడో, ఎవరో చేస్తున్నారు. ఆ నిర్ణయాల వెనక మార్కెట్టు ఉన్నది, ప్రభుత్వం ఉన్నది. ఎక్కడైనా ప్రజలు సంఘటితంగా అడిగి ఉంటే వారి ఒత్తిడి కూడా ఉన్నది.

నేను 2013 నుంచి 2023 వరకు దోహాలో లెక్కల పంతులుగా పనిచేశాను. ఆ పదేళ్ళలో నేను చూసిన ఆటలను లెక్కపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆట చూడడం మైదానం గట్టున నిలబడ్డ ప్రతివాడికీ దక్కే అనుభవంగా మొదలై, కొనుక్కుంటే తప్ప దక్కని సరుకుగా ఎట్లా మారిందో, ఆ మార్పులో మన తెలుగువాళ్ళ పాత్ర ఏమిటో పరిశీలించడమే ఉద్దేశం.

2

నేను పుట్టి పెరిగింది హైదరాబాదు సుల్తాన్ బజారులో. పరాయితనం ఈ పేటకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దం తొలి సంవత్సరాలలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం చుట్టూ పెరిగిన అంగడి ఇది. అప్పటి పేరు రెసిడెన్సీ బజారు. చుట్టూ ఉన్నది నిజాం రాజ్యమే అయినా ఈ బజారులో చెల్లింది బ్రిటిష్ రెసిడెంటు అధికారం. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. 1933లో గాని బజారు తిరిగి నిజాం పాలనలోకి రాలేదు. అప్పుడే సుల్తాన్ బజారు అయింది. అంటే, వీధి దాటితే చట్టం మారిపోవడమంటే ఏమిటో మా పేట మనుషులకు పుస్తకాలు చదవకుండానే తెలుసు.

ఈ పేటకు ఇంకొక వారసత్వం కూడా ఉన్నది. 1901లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇక్కడనే ఉన్నది. పుస్తకం, పత్రిక కొనలేనివాడు కూడా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు అన్న చిన్న సూత్రం మీద ఆ సంస్థ నిలబడ్డది. అక్షరం ఒకడి సొత్తు కాదన్న ఆ సూత్రాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవలెనని మనవి. వ్యాసం చివర దానితో పని పడుతుంది.

ఇక ఆట సంగతి. ఈనాడు హైదరాబాదు అనగానే క్రికెట్టూ బ్యాడ్మింటనూ గుర్తుకు వస్తాయి. కాని 1950 ప్రాంతంలో ఈ నగరానికి దేశమంతటా పేరు తెచ్చింది ఫుట్‌బాల్. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. అందుకే ఈ నగరం ఆయనను రహీం సాబ్ అని గౌరవంగా పిలుచుకున్నది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన నాటికే రహీం సాబ్ జబ్బుమనిషి. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

ఈ రెండు స్వర్ణాలకు నడుమ మెల్బోర్ను ఉన్నది. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీ ఫైనలుకు చేరింది. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిన ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. తరువాత యుగోస్లావియా చేతిలో 4–1తోను, మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3–0తోను ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా దేశం అంత పైకి రావడం అదే మొదలు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి మన నగరపు కుర్రవాళ్ళు ఎందరో ఆ జట్టులో ఉన్నారు. వీళ్ళలో చాలామంది జమీందారు బిడ్డలు కారు. బూట్లు కొనుక్కోవడమే కష్టమైన ఇళ్ళలోనుంచి వచ్చినవాళ్ళు.

ఈ ఆటను హైదరాబాదు చూడలేదు. హైదరాబాదు సంగతి అట్లా ఉంచండి. భారతదేశంలోనే అప్పటికి టెలివిజన్ లేదు. ఢిల్లీలో తొలి ప్రసారం మొదలైంది 1959 సెప్టెంబరు 15న. కాని విశేషమేమంటే, టెలివిజన్ ఉన్న దేశాలు కూడా మెల్బోర్ను ఆటలను సరిగా చూడలేదు. దానికి కారణం సాంకేతికం కాదు, వ్యాపారం. ఆటల దృశ్యాలకు సొమ్ము చెల్లించాలని నిర్వాహకులు పట్టుబట్టారు. ఆటలు వార్తలే గనుక వార్తలకు ధర కట్టడం చెల్లదని విదేశీ టెలివిజన్ కంపెనీలు, న్యూస్‌రీలు కంపెనీలు వాదించాయి. ఎంత నిడివిదాకా అది వార్త, ఎక్కడినుంచి అది వినోదం అన్న దగ్గర తగాదా తెగలేదు. కంపెనీలు ఆటలను బహిష్కరించాయి. మెల్బోర్ను, సిడ్నీ నగరాలలో కొత్తగా టెలివిజన్ కొన్న కొద్దిమంది చూశారు. మిగిలిన ప్రపంచానికి అందింది అరకొరే.

ఆ విధంగా, మన ఫుట్‌బాల్ తన ఉచ్చదశకు చేరుకున్న సంవత్సరమే ఆట అనేది అమ్మకపు వస్తువా, వార్తా అన్న తగవు మొట్టమొదట బహిరంగంగా బయటపడ్డ సంవత్సరం కూడా అయింది. ఇది కేవలం కాకతాళీయం. అయినా దీని ఫలితం మాత్రం మన మీద పడ్డది. పెలేను ఎరిగిన మన పిల్లలకు బలరాం పేరు తెలియదు. 2024లో రహీం సాబ్ మీద హిందీ చలనచిత్రం వచ్చినదాకా ఆయన ఎవరో కోఠీ చౌరస్తాలో పదిమందిని అడిగితే చెప్పగలిగినవాళ్ళు అరుదు. తెర మీద కనిపించనిది జరగనట్టే అయింది.

3

మెల్బోర్ను తగాదా ఎట్లా పరిష్కారమైందో చూడండి. ఆట వార్తేనన్న వాదన ఓడింది. ప్రసారహక్కు అనే కొత్త ఆస్తి పుట్టింది.

అంతకు ముందు చరిత్ర వేరు. 1936లో బెర్లిను ఒలింపిక్స్‌ను నాజీ ప్రభుత్వం ఆ నగరంలోని ప్రదర్శనశాలలలో టెలివిజన్ ద్వారా ఉచితంగా చూపించింది. అది ప్రజల మీద ప్రేమతో చేసిన పని కాదు. తన రాజ్య వైభవాన్ని చాటుకోవడానికి చేసిన పని. అక్కడ తెరకు యజమాని రాజ్యం, సరుకు ప్రచారం. 1948లో లండను ఆటలకు బి.బి.సి. వెయ్యి గినీలు ఇవ్వడానికి ఒప్పుకున్నది. అది మర్యాద సొమ్మే తప్ప వ్యాపారపు సొమ్ము కాదు.

1958లో ప్రసారహక్కులను అమ్ముకోవడానికి ఒలింపిక్ నిబంధనావళిలో చోటు కల్పించారు. 1960లో రోము ఆటలను అమెరికాలో చూపించడానికి సి.బి.ఎస్. కంపెనీ 3,94,000 డాలర్లు చెల్లించింది. 1984లో లాస్ ఏంజెలిస్ ఆటలకు ఎ.బి.సి. కంపెనీ 22 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించింది. ఇరవైనాలుగేళ్ళలో ధర అయిదువందల డెబ్బై రెట్లు పెరిగింది. మనిషి పరుగెత్తే వేగం ఈ ఇరవైనాలుగేళ్ళలో ఎంత పెరిగిందో పాఠకులకు తెలుసు. పెరిగింది పరుగు విలువ కాదు. పరుగు నడుమ అమ్ముడయ్యే ప్రకటనల విలువ.

క్రికెట్టులో ఈ మలుపు 1977లో వచ్చింది. ఆస్ట్రేలియా క్రికెట్ బోర్డు తన ఆటల ప్రసారాన్ని ఛానెల్ నైన్‌కు ప్రత్యేకంగా అమ్మడానికి నిరాకరించినందుకు దాని యజమాని కెరీ పాకర్ ఏకంగా ఆటగాళ్ళనే కొని వేరు పోటీలు నడిపాడు. రెండేళ్ళలో బోర్డు లొంగింది. అంతకుముందు ఆటను తెర చూపించేది. అప్పటినుంచి తెరకు అనుకూలంగా ఆట మారడం మొదలైంది. రాత్రి ఆటలు, రంగుబట్టలు, తెల్లబంతి ఆ మార్పుకు ఆనవాళ్ళు. పాకర్ వల్ల ఆటగాళ్ళ జీతాలు పెరిగిన మాట నిజమే. దానిని కాదనవలసిన పని లేదు. పెట్టుబడి పాత బోర్డుల జమీందారీ పోకడను బద్దలు కొట్టింది. అయితే బద్దలు కొట్టి, ఆ స్థలంలో తన పాతుబడిని పాతుకున్నది.

ఇంగ్లండు కథ కూడా ఇటువంటిదే. 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడగానే ఉపగ్రహ టెలివిజన్‌కు 30 కోట్ల 40 లక్షల పౌన్ల ఒప్పందం మీద అమ్ముడైంది. 2005లో ఇంగ్లండు, ఆస్ట్రేలియాల టెస్టు పోటీ ఆ దేశంలో ఉచితంగా కనిపించిన చివరి సొంతగడ్డ టెస్టు పోటీ. మరుసటి సంవత్సరంనుంచి టెస్టు క్రికెట్టు చందాదారుల సొత్తయింది. ఆ దేశంలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు కూడా అప్పటినుంచి క్రికెట్టు నెలవారీ ఖర్చుల పట్టీలోకి ఎక్కింది.

4

మన దేశంలో చరిత్ర కొంత భిన్నంగా నడిచింది. ఇక్కడ టెలివిజన్ మొదట ప్రభుత్వపు పని. 1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు విద్యాప్రసారాలు జరిగాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నవి. ఊరికొక సెట్టు, దాని ముందు ఊరంతా. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది.

1982 నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. రంగుల టెలివిజన్ ఆ సందర్భంలోనే దేశంలోకి వచ్చింది. గల్ఫు దేశాలకు పనికి పోయిన మనవాళ్ళు సెలవుమీద వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలతోపాటు టెలివిజన్ సెట్లు మోసుకురావడం ఆ రోజులలో మా వీధులలో పరిపాటి. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్కొక్క దుకాణం ముందు అద్దాలకు ముఖాలు ఆనించి నిలబడి ఆట చూసే గుంపులు నాకు బాగా గుర్తు. కొనగలిగినవాడు లోపల, కొనలేనివాడు బయట. అయినా ఆట ఇద్దరికీ కనిపించేది. దుకాణదారు కసురుకునేవాడు కాడు. గుంపే అతనికి ప్రకటన.

కాని ఆ రంగుల వెనక ఇంకొక చరిత్ర ఉన్నది. ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో మైదానాలు, వంతెనలు, హోటళ్ళు కట్టిన కూలీలకు ఆనాటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయిని జమాదారులు కాజేసేవారు. పౌరహక్కుల సంఘంవారు రాసిన లేఖనే పిటిషనుగా స్వీకరించి సుప్రీం కోర్టు 1982 సెప్టెంబరు 18న తీర్పు చెప్పింది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకోవడమంటే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని ఆ తీర్పు సారాంశం. వెట్టి అంటే ఏమిటో తెలంగాణావారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మాటను గడీనుంచి ఢిల్లీ మైదానందాకా పొడిగించిన తీర్పు అది. అయినా ప్రారంభోత్సవం రోజున రంగులలో కనిపించింది అప్పు ఏనుగు బొమ్మ. గోడ కట్టిన కూలీ కాదు.

ఆ తరువాత పదేళ్ళకు బేరం తలకిందులైంది. అంతవరకు క్రికెట్ బోర్డు, దూరదర్శన్ తన ఆటలు చూపితే చాలుననుకునేది. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్పు ప్రసారాన్ని ఒక విదేశీ కంపెనీకి అమ్మింది. ప్రభుత్వం అడ్డుపడ్డది. వ్యవహారం సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న వెలువడ్డ తీర్పు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. న్యాయమూర్తులలో ఒకరైన బి.పి.జీవన్ రెడ్డి మన హైదరాబాదు హైకోర్టులో న్యాయవాదిగా పేరు తెచ్చుకున్నవారు. ప్రసారాలను ప్రభుత్వపు గుత్తకు వదిలితే ఎంత ప్రమాదమో, మార్కెట్టు శక్తుల ఇష్టానికి వదిలినా అంతే ప్రమాదమని ఆయన తన తీర్పులో హెచ్చరించారు.

తీర్పులో సగమే అమలయింది. ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయింది. ప్రజల ఆస్తి అన్న మాట మాత్రం పుస్తకాలలో మిగిలింది. 2007లో, వెస్టిండీసు జట్టుతో పోటీలు దూరదర్శన్‌లో కనిపించకుండా పోయే పరిస్థితి ఏర్పడినప్పుడు జనం గోల చేస్తే, పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల పోటీలను హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలి. అది మంచి చట్టమే. కాని దానికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఆ ప్రసారం దూరదర్శన్ సొంత మార్గాలలోనే ఉచితంగా రావాలని, ప్రైవేటు కేబులు వారికి అందకూడదని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది. రెండవది, ఆ చట్టం దేశం ఎల్లల దగ్గర ఆగిపోతుంది. పొట్ట చేతబట్టుకుని ఎల్ల దాటినవాడికి అందులో చోటు లేదు.

ఈలోగా ధరల సంగతి చూడండి. 2022లో ఐ.పి.ఎల్. అయిదేళ్ళ ప్రసారహక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. ఒక్కొక్క ఆటకు సుమారు 118 కోట్లు. గుజరాతీ గల్లీలో దుకాణం అద్దానికి ముఖం ఆనించిన పిల్లవాడి చూపుకు ఇంత విలువ ఉన్నదని ఆనాడు ఎవరూ ఊహించలేదు. ఆ విలువలో అతనికి వాటా లేకపోవడం ఒక్కటే మారలేదు.

5

ఇప్పుడు పరాయిదేశపు తెర సంగతి.

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి 110, 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్య పతకం గెలుచుకున్నది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అమెరికాలో ఆ ఆటల హక్కులు ఎన్.బి.సి. కంపెనీవి. ఆ కంపెనీ సిడ్నీ ఆటలను దాదాపు పూర్తిగా రికార్డు చేసి, అమెరికా ఇళ్ళలో భోజనాలయ్యాక ప్రకటనలకు మంచి ధర పలికే వేళకు చూపించింది. వాళ్ళ ఈతగాళ్ళు, వాళ్ళ జిమ్నాస్టులు తెర నిండా ఉన్నారు. అప్పుడు అక్కడ చదువుకుంటున్న మా చిన్నాన్న కొడుకు మల్లీశ్వరి సంగతి ఇంటికి ఫోను చేసినప్పుడు మా పిన్ని నోట విన్నాడు. సముద్రాలకు ఇవతల సుల్తాన్ బజారులో ఉన్న ఆమె చూసింది. ప్రపంచంలోకెల్ల పెద్ద టెలివిజన్ పరిశ్రమ ఉన్న దేశంలో కూర్చున్న అతను చూడలేదు.

ఇందులో అమెరికా ప్రజల తప్పు లేదు. ఏ దేశపు తెర అయినా తనవాళ్ళనే ముందు చూపుతుంది. మన దూరదర్శన్ కూడా అంతే చేస్తుంది. అయితే తనవాళ్ళను చూపడం వేరు, తనవాళ్ళు తప్ప లోకంలో మరెవరూ ఆడడం లేదన్నట్టు చూపడం వేరు. మొదటిది అభిమానం, రెండవది ఆధిపత్యం. పరాయిదేశంలో ఉన్నవాడు ఈ తేడాను రోజూ అనుభవిస్తాడు. ఆ అనుభవంలో ఒక మేలు కూడా ఉన్నది. స్వదేశంలో తన తెర ఎవరిని దాచిపెట్టిందో అతనికి మొదటిసారి అనుమానం వస్తుంది.

గల్ఫులో పరిస్థితి ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ ఫుట్‌బాల్ ప్రసారాలలో ముఖ్యమైనవన్నీ ఖతరు వారి బీయిన్ సంస్థ చేతిలో ఉండేవి. చందా లేనిదే ఆట లేదు. 2017లో సౌదీ అరేబియా, దాని మిత్రరాజ్యాలు ఖతరును వెలివేసినప్పుడు, ఆ సంస్థ ప్రసారాలను దొంగిలించి చూపే ఇంకొక ఛానెలు సౌదీలో పుట్టుకొచ్చింది. ఈ తగాదా ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది. మేధాసంపత్తి రక్షణలో సౌదీ తన బాధ్యత నెరవేర్చలేదని 2020 జూన్‌లో ఆ సంస్థ నిర్ణయ మండలి తేల్చింది. బంతికోసం కాదు, బొమ్మకోసం రాజ్యాలు కొట్లాడుకున్నాయి.

ఆ తగాదా నడుస్తున్న కాలంలోనే ఆ ఎడారిలో మైదానాలు లేచాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాలనుంచి వచ్చిన మనవాళ్ళు ఆ పనులలో వందలుగా నాకు తారసపడ్డారు. శుక్రవారాలు నేను కొందరికి ఇంటికి పంపే కాగితాలు, దరఖాస్తులు రాసిపెట్టడానికి వాళ్ళ గదులకు పోయేవాణ్ణి. గదికి ఆరుగురు ఎనిమిదిమంది. గోడకు అందరూ చందాలు వేసుకుని కొన్న చిన్న టెలివిజన్. క్రికెట్టు వచ్చిన రోజు పక్కగది నేపాలీలు, బంగ్లాదేశీయులు కూడా వచ్చి మంచాలమీద సర్దుకునేవారు. జగిత్యాల దిక్కువాడు ఒకడు లుసైల్ మైదానం కప్పు మీద పనిచేశాడు. ఒకరోజు తెరమీద ఆ మైదానం కనిపించగానే చూపుడువేలు తెరకు ఆనించి, “గీ మూలకే సార్, నేను రెండు ఎండకాలాలు పనిజేసిన. గా కప్పు మీదికెల్లి జూస్తే సముద్రం కనవడ్తది” అన్నాడు. “లోపల ఆట చూస్తవా తమ్మీ?” అంటే నవ్వాడు. “టీవీల సూస్త. గంతే గద!”

ఆ నవ్వుకు లెక్క ఉన్నది. 2022 ప్రపంచ కప్పుకు ఖతరు నివాసులకోసం కేటాయించిన అన్నిటికంటె చవక టిక్కెట్టు 40 రియాళ్ళు. ఆ దేశంలో 2021నుంచి అమలైన కనీస వేతనం, తిండికి, వసతికి ఇచ్చేది పక్కన పెడితే, నెలకు 1,000 రియాళ్ళు. నెలకు ఇరవైఆరు పనిదినాలు వేసుకుంటే రోజుకు 38 రియాళ్ళు. కప్పు కట్టినవాడు ఆ కప్పు కింద ఒక్క ఆట చూడాలంటే ఒకరోజు కూలి మించి ఖర్చు. ఆ టిక్కెట్లు కూడా అందరికీ దొరికేవి కావు. కార్మికులకోసం నగరం అంచున పారిశ్రామిక వాడ పక్కన, ఏషియన్ టౌన్ క్రికెట్ మైదానంలో పెద్ద తెర కట్టారు. వేలమంది అక్కడ నేలమీద కూర్చుని చూశారు. డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్సు దేశాల ఫైనలు లుసైల్‌లో జరిగింది. ఆ మైదానాన్ని చెమటోడ్చి కట్టినవాళ్ళలో అనేకులకు అది తెరమీది బొమ్మే. అదే ఆట హైదరాబాదులో చేతిఫోనులో ఉచితంగా వచ్చింది.

చనిపోయినవాళ్ళ లెక్క ఈనాటికీ తేలలేదు. ప్రపంచ కప్పు ఖతరుకు ఖాయమైన తరువాతి పదేళ్ళలో భారత, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన వలసకార్మికులు 6,500 మందికి పైగా ఆ దేశంలో చనిపోయారని 2021లో ఇంగ్లండు పత్రిక గార్డియన్ రాసింది. అది అన్ని రకాల మరణాల లెక్క. మైదానాల పని సందర్భంగా ప్రమాదాలలో చనిపోయింది ముగ్గురేనని నిర్వాహకులు చెప్పారు. 2022 నవంబరులో వారి ప్రధానాధికారే ప్రపంచ కప్పు సంబంధమైన పనులన్నిటిలో 400 నుంచి 500 మంది దాకా పోయి ఉంటారని ఒక ముఖాముఖిలో అన్నాడు. మూడు ఎక్కడ, అయిదు వందలు ఎక్కడ! గోళ్ళను సెకనుతో సహా లెక్కపెట్టి, బంతి గీత దాటిందా లేదా అన్నది వెంట్రుకవాసి తేడాతో తేల్చే తెర, మనుషుల లెక్క దగ్గర కళ్ళు మూసుకున్నది.

ఇంకొక సంఘటన చెప్పాలి. పోటీలకు ముందు దోహా వీధులలో భారతీయులు, ముఖ్యంగా కేరళ శ్రామికులు, అర్జెంటీనా, బ్రెజిలు, ఇంగ్లండు చొక్కాలు వేసుకుని డప్పులతో ఊరేగారు. యూరపు పత్రికలు కొన్ని వీళ్ళు నిజమైన అభిమానులేనా, కూలికి తెచ్చినవాళ్ళా అని అనుమానం వెలిబుచ్చాయి. పనివాడి కష్టాన్ని గురించి సానుభూతితో రాసినవాళ్ళకే, ఆ పనివాడికి ఆటను ప్రేమించే హృదయం ఉంటుందన్న సంగతి నమ్మశక్యం కాలేదు. అతను జాలిపడవలసినవాడుగానే ఉండాలి. ఆనందించేవాడుగా కనబడితే అది నటన అయి ఉండాలి! వలసపాలకుల మనస్తత్వం జాలిలో కూడా దాక్కుని ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. రహీం సాబ్ జట్టు గురించి తెలిసినవాడెవడూ ఆ ప్రశ్న వేసి ఉండడు. కాని ఆ జట్టును ప్రపంచానికి చూపినదెవరు?

6

మన అభ్యుదయ మిత్రులలో ఆటల విషయంలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఆటలు ప్రజలను మత్తులో ముంచే సాధనాలు గనుక వాటి జోలికి పోనక్కరలేదని కొందరు అంటారు. ఆటలో రాజకీయాలు వెతకడం అరసికత అని మరికొందరు అంటారు. రెండూ పొరపాటే. ఆట మత్తుమందే అయితే, మెక్సికోలో 1968లో టామీ స్మిత్, జాన్ కార్లోస్ అనే నీగ్రో పరుగువీరులు విజయవేదిక మీద పిడికిళ్ళు ఎత్తినప్పుడు పాలకులు ఎందుకు అంత ఉలిక్కిపడ్డారు? వాళ్ళను జట్టునుంచి ఎందుకు వెళ్ళగొట్టారు? ఆట రాజకీయాలకు అతీతమే అయితే, దానిని చూపే హక్కుకోసం రాజ్యాలు, కంపెనీలు ఎందుకు కొట్లాడుకుంటున్నాయి?

ఆట శ్రమనుంచి పుట్టిన ఆనందం. పంటలాగా, పాటలాగా అది ప్రజలు సృష్టించినది. పంటను మార్కెట్టు కొన్నట్టే ఆటను తెర కొన్నది. పంటకు గిట్టుబాటు ధర అడిగేవాళ్ళం, ఆటకు చూసే హక్కు అడగడంలో అసమంజసం ఏమున్నది?

ఆ అడగడం గాలిలో చేసే పని కాదు. దానికి చరిత్రలో ఆధారాలు ఉన్నాయి. ఇంగ్లండులో ఒలింపిక్స్, ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ వంటివి ఉచిత టెలివిజన్‌కు అందకుండా పోకూడదని చట్టం ఉన్నది. మన 2007 చట్టం ఉన్నది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అన్న 1995 తీర్పు ఉన్నది. వీటిని ఎల్ల దాటించడం మిగిలిన పని. ప్రపంచస్థాయి పోటీని ఏ దేశానికి అప్పగించినా, అక్కడ పనిచేసే వలసకార్మికులకు కట్టినచోట చూసే అవకాశం, వాళ్ళ బసలలో చందా లేని ప్రసారం, వాళ్ళ భాషలలో వ్యాఖ్యానం షరతులుగా పెట్టాలని కార్మిక సంఘాలు కోరవచ్చు. అంతకంటె ముందు, సరయిన కూలీ, ప్రాణానికి భద్రత షరతులుగా పెట్టాలని కోరాలి. 1982లో ఢిల్లీ కూలీల పక్షాన ఒక లేఖ చేసిన పని చూశాం.

రెండవ పని మన చేతిలోనే ఉన్నది. అక్షరం కొనలేనివాడికి భాషా నిలయం తలుపు తెరిచింది. 1975లో ఊరికొక సెట్టు పెట్టినప్పుడు ఊరంతా కలిసి చూసింది. ఈనాడు ఒక్కొక్కడి చేతిలో ఒక్కొక్క తెర పెట్టి, ఒక్కొక్కడి దగ్గర విడివిడిగా సొమ్ము రాబడుతున్నారు. కలిసి చూడడం పోయింది. కలిసి చూసినదాన్ని గురించి కలిసి మాట్లాడుకోవడం కూడా దానితోపాటు పోతున్నది. గ్రంథాలయాలు, విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు తమ హాళ్ళలో ఆటలు చూపించి, ఆపైన ఆ ఆటల వెనక ఉన్న లెక్కలు చర్చించే అలవాటు మొదలుపెట్టడానికి పెద్ద ధనం అక్కరలేదు.

మూడవది చరిత్ర రచన. మెల్బోర్ను జట్టు తరం దాదాపు వెళ్ళిపోయింది. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. వాళ్ళను ఎరిగినవాళ్ళు, వాళ్ళ ఆటను మైదానం గట్టున నిలబడి చూసినవాళ్ళు ఇంకా కొందరు ఈ నగరంలో ఉన్నారు. లుసైల్ కప్పు మీదనుంచి సముద్రం చూసినవాళ్ళు జగిత్యాలకు, సిరిసిల్లకు తిరిగివచ్చి ఉన్నారు. చరిత్ర శాఖల విద్యార్థులు నోటుపుస్తకం పట్టుకుని ఈ ఇద్దరి దగ్గరకూ పోవాలి. తెర ఆడినవాణ్ణి ఒకచోట, కట్టినవాణ్ణి ఇంకొకచోట మరుగున పడేసింది. ఆ రెండు కథలు ఒక్క పుస్తకంలోకి చేరిన నాడు, ఆట ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పనక్కరలేదు.